ఇంట్లో కూర్చుని చూడదగిన ఇరాన్ చలనచిత్రాలు

విదేశీ చిత్రమంటే మన విద్యార్థులలో చాలామందికి ఇంగ్లీషు చిత్రమనే అర్థం. అందులోనూ కార్లు తలక్రిందులై, మేడలు నేలకూలి, అంతా ముగిసిన పిమ్మట కథానాయకుడు డబ్బింగు గొంతుతో తెలుగులోనో హిందీలోనో ఒక చమత్కారం పలికే చిత్రమని అర్థం. అటువంటివి చూడవద్దని మేము చెప్పబోవడం లేదు, చెప్పినా వినేవారుండరు. అయితే ప్రపంచంలో ఇంగ్లీషు కాని భాషలలో ఎంతో గొప్ప చిత్రసంపద ఉన్నదని, అందులో ఒక భాగం మన కళాశాల విద్యార్థులకు మరెవరికన్నా దగ్గరైనదని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ భాగం ఇరాన్ దేశపు ఫార్సీ చలనచిత్రం.

ఒకప్పుడు విదేశీ చిత్రం చూడాలంటే నగరంలో ఉండాలి, అక్కడ ఫిల్మ్ సొసైటీలో సభ్యత్వం ఉండాలి, సాయంకాలం ఇల్లు దాటి వెళ్లగల స్వేచ్ఛ ఉండాలి. ఈ మూడూ మన విద్యార్థులలో ఎక్కువమందికి, ముఖ్యంగా విద్యార్థినులకు, అందుబాటులో లేనివే. నేడు అదే చిత్రం ఇంటి టీవీమీదికి, చేతిలోని ఫోనులోకి వస్తున్నది. కాబట్టి ఇప్పుడు కొరతగా ఉన్నది ఏది చూడాలో చెప్పేవారు, ఎలా చూడాలో చెప్పేవారు. ఆ కొరతను కొంతైనా తీర్చాలని మా ప్రయత్నం.

ఇరాన్‌నే ఎందుకు ఎన్నుకున్నామన్న ప్రశ్నకు మొదట ఒక చారిత్రక విషయం చెప్పవలసి ఉన్నది. భారతదేశపు తొలి టాకీ "ఆలం ఆరా" 1931 మార్చిలో బొంబాయిలో విడుదలైనది. దాని దర్శక నిర్మాత అర్దేషిర్ ఇరానీ, సంస్థ ఇంపీరియల్ ఫిలిం కంపెనీ. అదే ఏడాది అదే ఇరానీ నిర్మించిన "కాళిదాస్"లో తమిళంతోపాటు తెలుగు సంభాషణలు కూడా వినిపించాయి. దానికి దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. మరుసటి సంవత్సరం పూర్తి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చినది ఆయన దర్శకత్వంలోనే. ఇక ఫార్సీ భాషలో తొలి టాకీ ఎక్కడ తయారైనదో తెలుసునా? టెహరానులో కాదు. బొంబాయిలో, ఇదే ఇంపీరియల్ కంపెనీలో. అబ్దుల్ హుసేన్ సెపంతా రచించి నటించగా అర్దేషిర్ ఇరానీ తీసిన "దొఖ్తరె లోర్" (లోర్ పిల్ల) 1933లో టెహరానులో ప్రదర్శితమైనది. అంటే హిందుస్తానీ, తెలుగు, ఫార్సీ భాషలు తెరమీద తొలి పలుకులు పలికింది ఒకే నగరంలో, రెండు మూడేళ్ల వ్యవధిలో, ఒకే మనిషి పూనికతో. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కానరాదు గనుక ఇక్కడ కొంచెం విపులంగా వ్రాశాము.

రెండవ కారణం చెవికి సంబంధించినది. దక్కనులో ఫార్సీ శతాబ్దాలపాటు రాజభాష. కుతుబ్ షాహీల కాలంలోనూ, ఆసఫ్ జాహీల పాలనలో పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలవరకూ దస్తావేజులు ప్రధానంగా ఫార్సీలో నడిచాయి. దాని ఫలితం మన నోటిలో నేటికీ ఉన్నది. ఉర్దూ మాట అటుంచి, బజారు, దుకాణం, కాగితం, జవాబు, తాజా, హుషారు, ఖర్చు అనేవి పల్లెటూరి తెలుగు రైతు సైతం దినదినమూ వాడే మాటలు. వీటి మూలరూపాలన్నీ ఇరాన్ చిత్రాలలో వినవచ్చు. ఒక చిన్న తేడా మాత్రం మనసులో ఉంచుకోవాలి. నేటి ఇరానీయుల ఉచ్చారణలో పూర్వపు "ఓ"కారం చాలాచోట్ల "ఊ"కారమైనది, "ఏ"కారం "ఈ"కారమైనది. మన "దోస్త్" వారి నోట "దూస్త్" అవుతుంది, మన "రోజు" వారి నోట "రూజ్" అవుతుంది. ప్రాచీన ఫార్సీ కవులు పలికిన "రోజ్" అనే ఉచ్చారణను హిందూస్థానం కూడా భద్రంగా దాచినది. ఆ భద్రతలో తెలుగు రైతుకు కూడా భాగమున్నదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

మన ఉర్దూ విభాగం విద్యార్థులకు ఇంకొక సౌలభ్యం ఉన్నది. గజళ్లు చదివినవారికి "దర్దె దిల్" వంటి ఇజాఫత్ సమాసాలు అలవాటే. చాలా ఇరాన్ చిత్రాల పేర్లు ఇదే పోకడలో ఉంటాయి. "బచ్చెహాయె ఆస్మాన్" అన్నా, "రంగె ఖుదా" అన్నా వారికి వేరే అర్థం చెప్పవలసిన పని లేదు. ఉభయ విభాగాల విద్యార్థులను ఒక గదిలో కూర్చుండబెట్టి ఇటువంటి చిత్రమొకటి చూపినప్పుడు ఒక విశేషం గమనించాము. హాస్యం వచ్చినచోట ఉర్దూ విద్యార్థులు ఒక్క క్షణం ముందుగా నవ్వారు. తెలుగు విద్యార్థులు క్రింది అక్షరాలు చదివి, ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వారు. కాసేపయిన తరువాత తెలుగు విద్యార్థులు ప్రక్కవారిని "ఏమన్నాడు?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకే ప్రాంగణంలో మూడేళ్లు చదివి ఒకరి పేరు ఒకరికి తెలియని పిల్లలు అప్పుడే మాటలు కలిపారు.

ఇక సబ్‌టైటిళ్ల సంగతి. విదేశీ చిత్రం చూడడానికి మన విద్యార్థులకు ఉన్న పెద్ద అడ్డంకి ఇదే. "అక్షరాలు చదివితే బొమ్మ పోతుంది, బొమ్మ చూస్తే అక్షరాలు పోతాయి" అన్నది సామాన్యంగా వినవచ్చే ఫిర్యాదు. అది నిజమే, కాని అర్ధగంటవరకే నిజం. అలవాటైన కన్ను రెండింటినీ ఒక్క చూపుతో అందుకుంటుంది. సైకిలు నేర్చుకునేటప్పుడు పెడలు మీద దృష్టి పెడితే దారి పోవడం, దారి చూస్తే పెడలు తప్పడం వంటిదే ఇది. డబ్బింగు ఉన్నది గదా అంటారేమో. డబ్బింగులో మనిషి ముఖం మిగులుతుంది, గొంతు పోతుంది. గొంతులోని వణుకు, మాటకూ మాటకూ మధ్య ఆగిన ఊపిరి, పల్లెటూరి యాస, పట్నపు దర్జా, ఇవన్నీ పోతాయి. ఇరాన్ చిత్రాలలో సగం కథ ఆ గొంతులలోనే ఉన్నది.

సబ్‌టైటిళ్లు చాలవరకు ఇంగ్లీషులో దొరుకుతాయి. ఇంగ్లీషు వేగంగా చదవలేనివారు సిగ్గుపడనవసరం లేదు. పిల్లల కథలున్న చిత్రాలతో మొదలుపెడితే వాక్యాలు పొట్టిగా ఉంటాయి, మాటలు తేలికగా ఉంటాయి. మొదటి పది నిమిషాలు రెండుసార్లు చూడండి. ఆ పిమ్మట ఆపకుండా చూడండి. ఏ వాక్యమైనా జారిపోతే జారిపోనివ్వండి.

మొదట చూడవలసినది అబ్బాస్ కియారొస్తమీ 1987లో తీసిన "ఖానెయె దూస్త్ కొజాస్త్", అనగా "స్నేహితుని ఇల్లెక్కడ?" అన్న చిత్రం. నిడివి గంటన్నరకు లోపే. ఉత్తర ఇరాన్‌లోని కోకెర్ అనే పల్లెలో అహ్మద్ అనే బాలుడు. అతని తరగతిలో పక్క కుర్రవాడు హోంవర్కును పుస్తకంలో వ్రాయక విడికాగితం మీద వ్రాసుకొని వస్తాడు. ఇది మూడవసారి అని, మరొకసారి ఇలా జరిగితే బడినుంచి పంపివేస్తానని ఉపాధ్యాయుడు గద్దిస్తాడు. ఆ సాయంత్రం ఇల్లు చేరిన అహ్మద్ సంచి విప్పి చూసుకుంటే మిత్రుని నోటుపుస్తకం పొరపాటున తన సంచిలో ఉన్నది. మిత్రుని ఊరు పొష్తే. ఇల్లెక్కడో తెలియదు. కథ అంతే.

ఇందులో దుర్మార్గుడు లేడు. పిల్లవానికి అడ్డుపడేవారందరూ అతని మేలు కోరేవారే. తల్లి "ముందు హోంవర్కు చేసుకో" అంటుంది, మరుక్షణంలోనే చంటిబిడ్డకు నీళ్లు తెమ్మంటుంది, ఆపైన రొట్టె తెమ్మంటుంది. కొడుకు చెప్పే మాట మాత్రం ఆమె చెవికి ఎక్కదు. తాత సిగరెట్లు తెమ్మంటాడు. జేబులో సిగరెట్లు ఉన్నాయి, కుర్రవానికి మాట వినడం నేర్పాలని పంపుతున్నానని పక్కవానితో చెబుతాడు. తన చిన్నతనంలో తండ్రి వారంవారం ఒక కాసు ఇచ్చేవాడని, పక్షానికొకసారి కొట్టేవాడని, కాసు ఇవ్వడం అప్పుడప్పుడు మరచినా కొట్టడం మాత్రం ఎన్నడూ మరువలేదని గర్వంగా చెప్పుకుంటాడు. ఈ తాతను మనం ఎరుగుదుము. మన వీథులలో అరుగులమీద కూర్చున్నది ఆయనే. అధ్యాపకులమైన మేము ఈ దృశ్యాన్ని చూసి నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయినదని ఒప్పుకొనక తప్పదు.

కొండమీద వంకరలు తిరిగిన కాలిబాట, చేతిలో నోటుపుస్తకంతో ఎగువకు, దిగువకు పరుగెత్తే పిల్లవాడు. ఈ దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది. విసుగు పుడుతుందేమోనని మొదటిసారి చూసేవారు భయపడతారు. నాలుగవసారి ఆ బాట కనబడేసరికి మన కాళ్లే నొప్పి పుడతాయి. చివరికి పొద్దుగుంకినాక ఒక ముసలి వడ్రంగి తోడు వస్తాడు. తాను ఒకప్పుడు ఈ ఊరి తలుపులన్నీ చేశానని, ఇప్పుడందరూ ఇనుప తలుపులు పెట్టుకుంటున్నారని చెబుతూ నింపాదిగా నడుస్తాడు. పిల్లవానికి ఆత్రం, ముసలివానికి నిదానం. ముగింపు చెప్పి మీ ఆనందం చెడగొట్టము. నోటుపుస్తకం పుట మధ్య ఏమున్నదో మీరే చూడండి.

ఫార్సీలో నోటుపుస్తకాన్ని "దఫ్తర్" అంటారు. మన తెలంగాణంలో దఫ్తర్ అంటే కార్యాలయం. ఈ చిత్రంలో దఫ్తర్ అన్న మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టమని ఒక విద్యార్థికి చెప్పాము. లెక్క తప్పిందని అతడు తిరిగి మొదటినుంచీ చూశాడు. మా ఉద్దేశం నెరవేరినది.

ఈ చిత్రానికి ఒక విషాదపు కొనసాగింపు ఉన్నది. 1990 జూన్‌లో ఆ ప్రాంతంలో పెనుభూకంపం వచ్చి ముప్పై వేలమందికి పైగా మరణించారు. తన చిత్రంలో నటించిన పల్లె పిల్లలు బ్రతికి ఉన్నారో లేదో తెలుసుకొనడానికి కియారొస్తమీ కారులో బయలుదేరాడు. ఆ ప్రయాణమే 1992లో మరొక చిత్రమైనది, ఇంగ్లీషులో "అండ్ లైఫ్ గోస్ ఆన్" అనే పేరుతో దొరుకుతుంది. మొదటిది చూసినవారు రెండవది చూడక ఉండలేరు.

మజీద్ మజీదీ తీసిన "బచ్చెహాయె ఆస్మాన్" (స్వర్గపు పిల్లలు, 1997) గురించి మీలో కొందరు వినే ఉంటారు. 1999లో ఆస్కార్ పోటీకి నామినేషన్ పొందిన మొట్టమొదటి ఇరాన్ చిత్రమిదే. దీనిని ప్రియదర్శన్ 2010లో హిందీలో "బమ్ బమ్ బోలే"గా తీశారు. మూలాన్నే చూడమని మా సలహా. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న అలీ. ఇంట్లో చెప్పితే కొనలేని తండ్రికి బాధ. అందుచేత ఒకే జత బూట్లు ఉదయం చెల్లెలు తొడుగుకొని బడికి వెళ్లడం, ఆమె పరుగున వచ్చి విప్పితే మధ్యాహ్నం అన్న తొడుగుకొని వెళ్లడం. పెద్దలకు వినబడకుండా అన్నాచెల్లెళ్లు నోటుపుస్తకాలలో వ్రాసుకొని మాట్లాడుకునే దృశ్యం చిన్నది, మరపురానిది.

అంతకన్న చిన్నది మరొకటున్నది. తండ్రి మసీదులో ఇవ్వబోయే టీ కోసం చక్కెర దిమ్మలను ఇంట్లో కూర్చుని చిన్న ముక్కలుగా కొడుతూ ఉంటాడు. కూతురు ఆయనకు టీ తెస్తుంది. చక్కెర ఏదమ్మా అంటాడు. ఇంత చక్కెర ఎదురుగా ఉన్నది గదా అంటుంది పిల్ల. అది మసీదు చక్కెర, మనది కాదు అంటాడు తండ్రి. దానిమీద ఉపన్యాసం లేదు, వెనుక సంగీతం లేదు. అమానతు అంటే ఏమిటో ఒక గంట ఉపన్యాసంలో మేము చెప్పలేనిది ఆ అర్ధనిమిషంలో ఉన్నది. తాతయ్యలతో, నానమ్మలతో కలిసి చూడడానికి దీనికి మించిన చిత్రం మాకు తోచదు.

జాఫర్ పనాహీ మొదటి చిత్రం "బాద్ కొనకె సెఫీద్" (తెల్ల బెలూను, 1995)కు కథనం కూర్చినది కియారొస్తమీయే. కాన్ ఉత్సవంలో నూతన దర్శకునికిచ్చే కెమెరా దోర్ పురస్కారం దీనికి వచ్చినది. నౌరోజు పండుగకు బంగారు చేప కొనాలన్న పట్టుదలతో ఏడేళ్ల పిల్ల తల్లివద్ద నోటు తీసుకొని బజారుకు పోతుంది. ఆ నోటు కాలువ జాలీలో పడిపోతుంది. తీయడానికి సాయపడిన వారిలో బెలూన్లు అమ్ముకునే ఆఫ్ఘన్ బాలుడొకడు. నోటు వస్తుంది, చేప వస్తుంది, అన్నాచెల్లెళ్లు ఇంటికి పరుగెత్తుతారు. ఆ బాలుడు మాత్రం తెల్ల బెలూనుతో ఒంటరిగా కూర్చుని ఉండగా చిత్రం ముగుస్తుంది. అంతవరకు ఆ చిన్నపిల్లను ముద్దుచేసిన మనకు, ఆమె వానికి ఒక్క మాటైనా చెప్పకుండా పోయినదని అప్పుడు తెలుస్తుంది. పండుగ అందరిదీ కాదు. చిత్రం పేరులోని బెలూను ఎవరిదో అప్పుడు మరొకసారి ఆలోచిస్తాము.

ఇక మా దృష్టిలో మన కళాశాలకు అన్నింటికన్నా అవసరమైన చిత్రం బహ్రాం బేజాయీ తీసిన "బాషూ, గరీబెయె కూచక్". 1986లో పూర్తయి, యుద్ధకాలపు ఆంక్షలవల్ల 1989లో గాని విడుదల కాలేదు. దీని పేరులోనే ఒక పాఠమున్నది. గరీబ్ అంటే మనకు, ఉర్దూలోనూ తెలంగాణపు తెలుగులోనూ, పేదవాడు. ఫార్సీలో గరీబె అంటే పరాయివాడు, ఊరు కానివాడు. అరబ్బీలోనూ మూలార్థం అదే. తన ఊరు విడిచినవాడే పేదవాడన్న అనుభవం ఈ మాటను ఇటు మళ్లించిందేమోనని మాకు అనిపిస్తుంది. ఇది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం.

ఇరాన్–ఇరాక్ యుద్ధంలో దక్షిణాన ఖూజిస్తాన్‌మీద బాంబులు పడి తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాషూ అనే నల్లని బాలుడు ఒక లారీలో ఎక్కి దాక్కుంటాడు. లారీ ఆగేసరికి దేశపు ఉత్తరపు అంచున, గీలాన్ ప్రాంతపు వరిపొలాల మధ్య ఉంటాడు. అక్కడ నాయీ అనే రైతు స్త్రీ అతనిని చూస్తుంది. భర్త పనికోసం ఊరు విడిచి పోయాడు. ఆమె ఇద్దరు పిల్లలతో పొలం చేసుకుంటున్నది. ఆమె మాట్లాడేది గీలకీ. బాషూ మాట్లాడేది అరబ్బీ. ఇద్దరూ ఒకే దేశపు పౌరులు, ఒకరి మాట ఒకరికి ఒక్కటీ తెలియదు. విశేషమేమనగా, టెహరానులో ఈ చిత్రం చూసిన ప్రేక్షకునికి సైతం ఈ రెండు భాషలూ సరిగా తెలియవు. ఇక్కడ సబ్‌టైటిళ్లు చదువుకొనే మనకన్నా ఆయన పరిస్థితి ఏమంత మెరుగు కాదు.

నాయీ అతని ఒంటి నలుపును మురికి అనుకొని ఏటిలో తోమితోమి కడుగుతుంది, నలుపు పోదు. ఊరివాళ్లు ఈ నల్లపిల్లవాడెవడని వచ్చి తగవు పెట్టుకుంటారు. నాయీ ఒక్కొక్క వస్తువు చూపి తన మాట చెబుతుంది, అతడు తన మాట చెబుతాడు. ఒకనాడు ఊరి పిల్లలు అతనిని కొడుతుండగా నేలమీద ఒక పాఠ్యపుస్తకం కనిపిస్తుంది. బాషూ దానిని తీసి బిగ్గరగా చదువుతాడు. ఈ దేశం మన అందరిదీ అన్న అర్థమిచ్చే బడి పాఠమది, ఫార్సీలో ఉన్నది. కొట్టే చేతులు ఆగిపోతాయి. వానికి వచ్చిన ఆ భాష వీరికీ వచ్చు. ఉభయులూ దానిని బడిలోనే నేర్చారు, ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఈ దృశ్యాన్ని గురించి పెద్దలలో అభిప్రాయభేదం ఉండవచ్చు. అంటే పాఠ్యపుస్తకపు భాష ఒక్కటే మనుషులను కలుపుతుందా అని అడుగవచ్చు. చిత్రాన్ని జాగ్రత్తగా చూస్తే బేజాయీ అంత తేలికగా వదలలేదని తెలుస్తుంది. పుస్తకం దెబ్బలను ఆపినది, అంతవరకే. పిల్లవానికి జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మేలుకొన్నది పుస్తకం కాదు, తన భాష తప్ప మరొకటి సరిగా రాని నాయీ. ఉర్దూ మాధ్యమం వారు ఒక వరండాలోను, తెలుగు మాధ్యమం వారు మరొక వరండాలోను కూర్చుని, కలిసినప్పుడు పాఠ్యపుస్తకపు ఇంగ్లీషులో పలకరించుకునే మనకు ఈ చిత్రం గురించి చెప్పుకోవలసినది చాలా ఉన్నది. నాయీ పాత్రధారిణి సూసన్ తస్లీమీ నటనను గురించి ఒక్క మాట: నోరెత్తి పక్షులను అదలించే ఆమె కేక విన్నవారు దానిని మరువలేరు.

పిల్లల చిత్రాలతో అలవాటైన తరువాత అస్గర్ ఫర్హాదీ తీసిన "జొదాయీయె నాదెర్ అజ్ సీమీన్" (2011) చూడండి. జుదాయీ అంటే ఎడబాటని ఉర్దూ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు పేరు "ఎ సెపరేషన్". బెర్లిన్‌లో బంగారు ఎలుగు పురస్కారం, 2012లో ఆస్కార్ పొందినది. విదేశం వెళ్లి కూతురిని పెంచాలని భార్య, మతి తప్పిన ముసలి తండ్రిని విడిచి రాలేనని భర్త. ఇద్దరి మాటా న్యాయమే. తండ్రిని చూసుకొనడానికి వచ్చిన బీద గృహిణి రజియె, ముసలాయన బట్టలు తడుపుకున్నప్పుడు పరపురుషుని బట్టలు మార్చడం పాపమవుతుందా అని టెలిఫోనులో మతపెద్దలను అడుగుతుంది. ఆ ఘట్టాన్ని నవ్వులాటగా తీయవచ్చు. ఫర్హాదీ అలా తీయలేదు. ఆమె భయం ఎంత నిజమో, ఆ ముసలివాని నిస్సహాయత అంత నిజం. చివరకు కథ మొత్తం ఖురాన్‌మీద ప్రమాణం చేయగలరా అన్న ఒక్క ప్రశ్నమీద నిలుస్తుంది. చేస్తే ఇంటికి డబ్బు వస్తుంది. తనకు నిశ్చయంగా తెలియనిదానిపై ప్రమాణం చేయలేక ఆమె పడే యాతన చూడవలసినదే గాని వ్రాయదగినది కాదు.

ఇందులో భాషాభిమానులకు ఒక చిన్న కానుక ఉన్నది. తండ్రి కూతురికి మాటలకు అర్థాలు నేర్పుతూ, ఆమె "జమానత్" అనగానే అది అరబ్బీ మాట, ఫార్సీలో "పొష్త్‌వానె" అనాలని దిద్దుతాడు. టీచరు మార్కులు తగ్గిస్తుందేమో అని పిల్ల సందేహం. తప్పు ఎవరు చెప్పినా తప్పే అంటాడు తండ్రి. ఇంత కచ్చితంగా మాట్లాడిన తండ్రే తరువాత న్యాయాధికారి ఎదుట సత్యాన్ని కొంచెం వంచుతాడు. అది కనిపెట్టేది ఆ కూతురే. శుద్ధ తెలుగు, శుద్ధ ఉర్దూ అని వాదించుకునే మన సభలు గుర్తుకువచ్చి మేము నవ్వుకున్నాము.

ఈ చిత్రాలు ఇంటిల్లిపాదీ చూడదగినవి అన్నాము. పాలకవర్గపు పెద్దలకు ఈ మాట నచ్చుతుందని తెలుసు. అయితే నిజాయితీకోసం మరొక మాటకూడా చెప్పాలి. 1979 విప్లవం తరువాత ఇరాన్‌లో సెన్సారు నియమాల ప్రకారం తెరమీద స్త్రీ తన ఇంట్లో తన భర్త ఎదుట సైతం తలమీద వస్త్రం తీయరాదు. నటీనటులు ఒకరినొకరు తాకరాదు. ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అని మన విద్యార్థినులు అడిగారు. ఉండరు, చూసేది పరాయి ప్రేక్షకులు గనుక ఆ నియమం. పెద్దల ప్రేమకథలకు ఇన్ని ఆంక్షలుండడం దర్శకులు పిల్లల కథలవైపు మళ్లడానికి ఒక కారణం. మరొక కారణం, బాలల మేధావికాసంకోసం 1965లో స్థాపించిన "కానూన్" అనే సంస్థ. కియారొస్తమీ తొలి చిత్రాలు దాని నీడలోనే వచ్చాయి. కాబట్టి ఈ చిత్రాల నిర్మలత్వం కొంత కళాకారుని స్వభావం, కొంత చట్టపు ఒత్తిడి. రెండింటినీ కలగలిపి మెచ్చుకోవడం సరికాదు.

ఆ ఒత్తిడి ఎంతటిదో పనాహీ జీవితం చెబుతుంది. తెల్ల బెలూను తీసిన ఆ మనిషికే 2010లో ఆరేళ్ల జైలుశిక్ష, ఇరవై ఏళ్లపాటు చిత్రాలు తీయరాదన్న నిషేధం విధించారు. అప్పీలు పెండింగులో ఉండగా ఆయన తన ఇంట్లోనే, మిత్రుని కెమెరాతోను తన ఫోనుతోను ఒక చిత్రం తీశాడు. దాని పేరు "ఇన్ ఫిల్మ్ నీస్త్", "ఇది సినిమా కాదు" (2011). తీయలేకపోయిన చిత్రం ఎలా ఉండేదో గది తివాచీమీద టేపు అంటించి చూపుతాడు. దానిని ఒక చిన్న డ్రైవులో ఎక్కించి, కేకులో దాచి కాన్‌కు చేర్చారని ప్రపంచమంతా చెప్పుకున్నది. ఇంట్లో కూర్చుని చిత్రం చూడగల మన సౌకర్యాన్ని, ఇల్లు కదలరానివాడు ఇంట్లోనే చిత్రం తీసిన ఆ పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆయనకే 2025లో కాన్ అత్యున్నత పురస్కారం దక్కినది.

ఒక హెచ్చరిక. కియారొస్తమీకి 1997లో కాన్‌లో పాల్మ్ దోర్ తెచ్చిన "తామె గీలాస్" (చెర్రీపండు రుచి) గొప్ప చిత్రమే. కాని అది ప్రాణం తీసుకోదలచిన మనిషి కథ. మొదటే దాన్ని ఎత్తుకోవద్దు, ఒంటరిగా దిగులుతో ఉన్న రోజున అసలే వద్దు. పెద్దవారెవరైనా ప్రక్కన ఉండగా చూసి, తరువాత మాట్లాడుకోండి.

చూసే పద్ధతి గురించి కొద్దిగా. దొంగ ప్రతుల జోలికి పోవద్దు. వాటిలో సబ్‌టైటిళ్లు ఎవరో ఇష్టం వచ్చినట్లు వ్రాసి ఉంటారు, అర్థం అనర్థమవుతుంది. ఫోనుకన్నా టీవీ మేలు, ఒంటరిగాకన్నా నలుగురితో మేలు. ఇంగ్లీషు రాని అమ్మకు, అమ్మమ్మకు మీరే ప్రక్కన కూర్చుని తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి. ఆలా చెప్పబూనినప్పుడే మీకు ఎంత అర్థమైనదో, ఎంత కాలేదో తేలుతుంది. ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, చెవికి తెలిసినట్లు తోచిన ప్రతి మాటా వ్రాయండి. మా వద్ద ఒక విద్యార్థిని తెచ్చి చూపిన జాబితాలో నూటపది మాటలున్నాయి. అందులో ముప్పై తెలుగువి.

పాలకవర్గానికి మా మనవి ఒక్కటే. గ్రంథాలయానికి ఏటా కొనే పుస్తకాలతోపాటు ఇటువంటి చిత్రాల అధికారిక డిస్కులు నాలుగైనా తెప్పించి, నెలకొక మధ్యాహ్నం ఉభయ విభాగాలవారికీ కలిపి ప్రదర్శించే ఏర్పాటు చేయవలెను. కుర్చీలు విభాగాలవారీగా వేయకుండా ఉంటే చాలు, తక్కినది చిత్రమే చూసుకుంటుంది.

అంతదాకా ఆగలేనివారు, గంటన్నర తీరిక లేనివారు కియారొస్తమీ 1970లో తీసిన మొట్టమొదటి చిత్రంతో మొదలుపెట్టవచ్చు. పది నిమిషాలది. రొట్టె పట్టుకొని ఇంటికి పోతున్న ఒక పిల్లవాడు, సందులో దారికడ్డంగా ఒక కుక్క. మాటలు దాదాపు లేవు గనుక సబ్‌టైటిళ్ల బెడద లేదు. పేరు "నాన్ ఒ కూచె". నాన్ అంటే ఏమిటో, కూచా అంటే ఏమిటో పక్క వరండాలో ఎవరినడిగినా చెబుతారు.